తూర్పు ఆసియా భాషల టైపింగ్‌లో జాప్యం: ఆఫీస్ సాఫ్ట్‌వేర్ నిర్మాణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో చైనీస్, జపనీస్, కొరియన్ భాషల పాఠాన్ని టైపు చేసేటప్పుడు మీట నొక్కిన క్షణానికీ అక్షరం తెరపై కనిపించే క్షణానికీ నడుమ జాప్యం ఏర్పడటం ఆ భాషల్లో రాసేవారికి పరిచితమైన సమస్య. వేల అక్షరాలున్న లిపులు కాబట్టి అవి సహజంగానే కంప్యూటర్‌కు భారమవుతాయని తేలికగా తీర్మానించే అవకాశం ఉంది. ఆ తీర్మానం సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జాప్యానికి మూలం లిపిలో లేదు. ‘ఒక మీటకు ఒక అక్షరం, నొక్కిన వెంటనే ఖరారు’ అనే ఊహపై రూపొందిన సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఉంది. టైపింగ్ ప్రక్రియను దశలుగా విభజించి, ఏ దశలో ఎందుకు కాలం ఖర్చవుతుందో వివరించడం, దోషస్థానాన్ని గుర్తించే పద్ధతిని సూచించడం, తెలుగు పాఠంతో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశాలు.

కీలక పదాలు: తూర్పు ఆసియా లిపులు, ఇన్‌పుట్ మెథడ్, తాత్కాలిక పాఠం, పుట విన్యాసం, ఫాంట్, పదవిభాగం, యూనికోడ్, తెలుగు టైపింగ్.

1. ఉపోద్ఘాతం:

రాసే వేగానికీ ఆలోచనకూ ఉన్న సంబంధం రచనా వ్యాసంగంలో ఉన్నవారందరికీ అనుభవంలో ఉన్నదే. వేలు మీటను తాకగానే అక్షరం కనిపిస్తే రచయిత దృష్టి వాక్యంపై ఉంటుంది. అక్షరం ఆలస్యమైతే దృష్టి యంత్రంపైకి మళ్లుతుంది. మానవ–యంత్ర సంభాషణలో ప్రతిస్పందన కాలం గురించి 1968లో రాబర్ట్ మిల్లర్ వెలువరించిన పత్రం, మీట నొక్కిన తరువాత కంటికి కనిపించే స్పందన 0.1 నుంచి 0.2 సెకన్లలోపు రావాలని సూచించింది.

ఈ పరిమితి దాటినప్పుడు జరిగేది కేవలం చిన్న ఆలస్యం కాదు. సెకనుకు 5 మీటలు నొక్కే వ్యక్తిని ఉదాహరణగా తీసుకుంటే, ఒక్కో మీటకు మధ్య 0.2 సెకన్ల వ్యవధి ఉంటుంది. ఒక్కో మీటను పరిష్కరించడానికి సాఫ్ట్‌వేర్‌కు 0.3 సెకన్లు పడితే, ప్రతి మీటకూ 0.1 సెకను బాకీ పడుతుంది. పది మీటలు నొక్కేసరికి తెర ఒక సెకను వెనకబడుతుంది. ముప్పై మీటల తరువాత మూడు సెకన్లు వెనకబడుతుంది. తెర కాసేపు స్తంభించి, ఆపై అక్షరాలన్నీ ఒక్కసారిగా గుప్పుమని కనిపించడానికి కారణం ఈ బాకీయే. ఆ విరామంలో తప్పు అక్షరం ఎంపికైనా రచయితకు తెలియదు.

ఈ సమస్యకు చారిత్రకమైన ప్రాధాన్యం కూడా ఉంది. 20వ శతాబ్ది తొలి దశకాల్లో చైనాలో హాన్ లిపిని సంస్కరించాలన్న ఉద్యమం తీవ్రంగా సాగింది. 1918లో చియెన్ షువాన్‌తుంగ్ ఆ లిపిని పూర్తిగా తొలగించాలని వాదించాడు. ఆధునిక యంత్రాలకు, ముఖ్యంగా టైపు యంత్రానికి ఒదగదన్నది ఆ కాలంలో ఆ లిపిపై మోపిన అభియోగాలలో ఒకటి. యంత్రం ఏ లిపి కోసం తయారైందన్న ప్రశ్న వెనకబడి, లిపే దోషిగా నిలిచింది. నేటి టైపింగ్ జాప్యాన్ని లిపి సంక్లిష్టతకు ఆపాదించడం కూడా ఆ అభియోగానికి కొనసాగింపే.

2. తక్కువ మీటలు – ఎక్కువ అక్షరాలు:

రోమన్ లిపిలో 26 వర్ణాలు ఉంటాయి. ఒక్కో వర్ణానికి ఒక్కో మీటను కేటాయించడం సాధ్యమే. చైనా 1980లో ప్రకటించిన జీబీ 2312 ప్రమాణంలోనే 6,763 హాన్ అక్షరాలు ఉన్నాయి. జపాన్ ప్రమాణమైన జిస్ ఎక్స్ 0208లో 6,355 కాంజీ అక్షరాలు ఉన్నాయి. కొరియన్ హాంగుల్ వర్ణాలు కొద్దిగానే ఉన్నా, వాటి కలయికతో ఏర్పడే ఆధునిక అక్షరాలు యూనికోడ్‌లో 11,172. ఇన్ని అక్షరాలకు విడివిడిగా మీటలు ఇవ్వడం సాధ్యం కాదు. అందుచేత కొన్ని మీటల వరుస ద్వారా అక్షరాన్ని సూచించి, సరిపోయే వాటిలోంచి ఒకదాన్ని ఎంచుకునే పద్ధతి అవసరమైంది.

ఈ పద్ధతి కంప్యూటర్ కంటే ముందే పుట్టింది. చైనా రచయిత లిన్ యుతాంగ్ 1947లో ప్రదర్శించిన ‘మింగ్‌క్వాయ్’ టైపు యంత్రంలో రెండు మీటలు నొక్కితే, వాటికి సరిపోయే అక్షరాలు గరిష్ఠంగా ఎనిమిది ఒక చిన్న కిటికీలో కనిపించేవి. సంఖ్య మీట నొక్కి వాటిలో కావలసినదాన్ని అచ్చువేయాలి. 1976లో చూ బాంగ్‌ఫూ రూపొందించిన ‘త్సాంగ్‌జియే’ పద్ధతి, 1983లో వాంగ్ యోంగ్‌మిన్ రూపొందించిన ‘వూబీ’ పద్ధతి అక్షరాన్ని దాని అవయవాల ద్వారా సూచించే మార్గాన్ని అనుసరించాయి. తోషిబా సంస్థ 1978లో ప్రకటించిన జేడబ్ల్యూ–10 యంత్రం ఉచ్చారణను టైపు చేస్తే దాన్ని కాంజీలోకి మార్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. దాని ధర 63 లక్షల యెన్లు. నేడు ఈ పనిని ‘ఇన్‌పుట్ మెథడ్ ఎడిటర్’ అనే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ నిర్వహిస్తున్నది. ఇది సాధారణంగా ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో భాగం కాదు. కీబోర్డుకూ దానికీ నడుమ నిలిచే మధ్యవర్తి. టైపింగ్ జాప్యాన్ని అర్థం చేసుకోవడానికి ఈ విషయం కీలకం.

3. తాత్కాలిక పాఠం – స్వరూపం:

ఇంగ్లీషులో ‘టోక్యో’ అని రాయడానికి ఐదు మీటలు చాలు. ప్రతి మీటా ఒక వర్ణాన్ని శాశ్వతంగా చేరుస్తుంది. ముందు పడిన వర్ణం తరువాతి మీట వల్ల మారదు. జపనీస్‌లో అదే పేరును రోమన్ మీటలతో రాయాలంటే ఉచ్చారణకు ఏడు మీటలు, కాంజీలోకి మార్చడానికి ఒకటి, ఖరారు చేయడానికి మరొకటి, మొత్తం తొమ్మిది మీటలు నొక్కాలి. చివరికి పాఠంలో మిగిలేవి రెండే అక్షరాలు. ఈ తొమ్మిది అడుగుల్లో తెరపై ఉన్న పాఠం మారుతూ ఉంటుంది. మొదట ఒక రోమన్ వర్ణం కనిపిస్తుంది. తరువాతి మీటతో అది కానా అక్షరంగా మారుతుంది. చివరకు కానా వరుస మొత్తం కాంజీగా మారుతుంది. ఖరారు అయ్యేదాకా ఉండే ఈ స్థితినే ఈ వ్యాసంలో ‘తాత్కాలిక పాఠం’గా వ్యవహరించడమైంది. తెరపై దీని కింద సాధారణంగా ఒక గీత కనిపిస్తుంది.

పాఠం ఇంతసేపు తాత్కాలికంగా ఎందుకు ఉండాలన్నదానికి సమానోచ్చారణ పదాలే సమాధానం. జపనీస్ టైపింగ్ గురించిన చర్చల్లో ‘కిషా నో కిషా గా కిషా దే కిషా షిత’ అనే వాక్యం ప్రసిద్ధం. ‘మీ సంస్థ విలేకరి రైలులో సంస్థకు తిరిగివచ్చాడు’ అని దీని అర్థం. ‘కిషా’ అనే ఒకే ఉచ్చారణ ఇక్కడ వరుసగా మీ సంస్థ, విలేకరి, ఆవిరి రైలు, సంస్థకు తిరిగిరావడం అనే నాలుగు అర్థాల్లో, నాలుగు వేర్వేరు కాంజీ జంటలతో రాయబడుతుంది. వాక్యం ముందుకు సాగితేనే గాని ఏ ‘కిషా’ ఏదో తేలదు. అందుకే ఇన్‌పుట్ మెథడ్ వెనక్కి వెళ్లి తన ఎంపికను సవరిస్తూ ఉంటుంది.

కొరియన్‌లో కారణం వేరు, ఫలితం అదే. ‘హ’, ‘అ’, ‘న’ ధ్వనుల మీటలు వరుసగా నొక్కితే తెరపై ‘హన్’ అనే ఒకే అక్షరం ఏర్పడుతుంది. వెంటనే ‘అ’కార మీట నొక్కితే ఆ నకారం ముందరి అక్షరాన్ని విడిచి తరువాతి అక్షరంలో చేరుతుంది, ‘హన్’ కాస్తా ‘హ’, ‘న’ అనే రెండు అక్షరాలుగా విడిపోతుంది. ‘హనా’ అంటే కొరియన్‌లో ‘ఒకటి’. ఇలా వర్ణం ఒకచోట మెరిసి మరొకచోటికి దూకడాన్ని కొరియన్లు కొరివిదయ్యపు మంటతో పోల్చి, ఆ పేరుతోనే పిలుస్తారు.

4. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లోపల జరిగే పని:

తాత్కాలిక పాఠం ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు చేరిన తరువాత జరిగే పనిని నాలుగు దశలుగా విభజించవచ్చు.

4.1. పాఠం మార్పిడి: ప్రతి మీటకూ పాత తాత్కాలిక పాఠాన్ని తొలగించి కొత్తదాన్ని చేర్చాలి. దీన్ని డాక్యుమెంట్‌లో జరిగిన నిజమైన సవరణగా పరిగణించే సాఫ్ట్‌వేర్‌లో, ఒక తొలగింపు, ఒక చేర్పు, వాటికి సంబంధించిన రద్దు చరిత్ర అన్నీ మీటమీటకూ నమోదవుతాయి. మార్పుల నమోదు సదుపాయం అమలులో ఉంటే ఈ భారం మరింత పెరుగుతుంది.

4.2. పుట విన్యాసం: పాఠం మారగానే ఏ అక్షరం ఏ పంక్తిలో పడుతుందో తిరిగి లెక్కించాలి. చైనీస్, జపనీస్ పాఠాల్లో పదాల మధ్య ఖాళీ ఉండదు. దాదాపు ఏ రెండు అక్షరాల మధ్యనైనా పంక్తిని విరవవచ్చు. అయితే పూర్ణవిరామం, ముగింపు కుండలీకరణం వంటివి పంక్తి మొదట రాకూడదు. ప్రారంభ కుండలీకరణం పంక్తి చివర ఉండకూడదు. జపనీస్ ముద్రణలో వీటిని ‘కిన్‌సోకు’ నియమాలంటారు. ఒక విరామచిహ్నం పంక్తి మొదటికి వస్తే, దానికి ముందున్న అక్షరాన్ని కిందికి లాగాలి, లేదా పైపంక్తిలోని ఖాళీలను కుదించాలి. అంటే ఒక మీట ప్రభావం ముందరి పంక్తిపై కూడా పడుతుంది. పేరా పొడవైనదై, సాఫ్ట్‌వేర్ మారిన భాగాన్ని మాత్రమే కాక పేరానంతా తిరిగి లెక్కించేదైతే ఖర్చు విపరీతమవుతుంది. 500 అక్షరాల పేరా చివర ‘టోక్యో’ అని రాస్తే, తొమ్మిది మీటలకు 4,500కు పైగా అక్షర గణనలు జరుగుతాయి. పాఠంలో పెరిగేవి రెండే అక్షరాలు.

4.3. స్థాన నివేదన: ఎంపికకు వీలైన అక్షరాల పట్టీని కర్సర్ పక్కనే చూపించాలంటే, తెరపై తాత్కాలిక పాఠం ఎక్కడుందో ఇన్‌పుట్ మెథడ్‌కు తెలియాలి. అందుకు అది ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను అడుగుతుంది. పుట విన్యాసం పూర్తయితేనే గాని దానికి సరైన జవాబు దొరకదు. తీరిక దొరికినప్పుడు చేద్దామని వాయిదా వేసిన గణనను కూడా అప్పటికప్పుడు ముగించవలసివస్తుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన టెక్స్ట్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్‌లో ‘విన్యాసం ఇంకా సిద్ధం కాలేదు’ అని బదులిచ్చే వీలును ప్రత్యేకంగా కల్పించారు. ఈ దశ ఎంత సున్నితమైనదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఇంగ్లీషు టైపింగ్‌లో ఈ ప్రశ్నే తలెత్తదు.

4.4. అనుబంధ సేవలు: అక్షరదోషాల పరిశీలన, స్వయంచాలక సవరణ, పదాల లెక్కింపు, స్వయంచాలక భద్రపరచడం వంటివి పాఠం మారినప్పుడల్లా మేల్కొంటాయి. ఖరారు కాని పాఠంలో దోషాలు వెతకడం నిష్ప్రయోజనం. ఆ పాఠం మరుక్షణం ఉండదు. అయినా తాత్కాలిక, శాశ్వత పాఠాల తేడాను గుర్తించని సాఫ్ట్‌వేర్ ఆ వెతుకులాటను మానదు.

5. పదవిభాగం, ఫాంట్:

ఖాళీలు లేకపోవడం వల్ల ఎదురయ్యే మరో చిక్కు పదవిభాగం. చైనీస్‌లో తరచుగా ఉదాహరించే ఒక పదబంధాన్ని ఒక విధంగా విడదీస్తే ‘నాన్‌జింగ్ నగరపు యాంగ్‌ట్సీ మహావంతెన’ అని, మరో విధంగా విడదీస్తే ‘నాన్‌జింగ్ నగరాధ్యక్షుడు జియాంగ్ దాచియావ్’ అని అర్థం వస్తుంది. అక్షరాలు అవే, వరుస అదే. సభంగ శ్లేషతో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రెండు కథలు నడిపిన తీరు తెలిసినవారికి ఈ సమస్య స్వరూపం వెంటనే బోధపడుతుంది. కావ్యంలో రెండు విభాగాలూ కవికి ఇష్టమైనవే. కంప్యూటర్ మాత్రం నిఘంటువును సంప్రదించి ఒకదాన్నే ఎంచుకోవాలి. దోషాల పరిశీలనకు, పదం వెంట పదంగా కర్సర్‌ను జరపడానికి ఈ విభాగం కావాలి. మరో చిక్కు కూడా ఉంది. ఒకసారి కొలిచిన పదం వెడల్పును దాచుకొని తిరిగి వాడుకోవడం సాఫ్ట్‌వేర్‌లు వేగం కోసం అనుసరించే ఉపాయం. పదానికి హద్దు ఖాళీయే అనుకొని ఆ ఉపాయాన్ని అమలుచేస్తే, ఖాళీలు లేని పేరా మొత్తం ఒకే ‘పదం’ అవుతుంది. ఒక్క అక్షరం మారినా దాచుకున్నదంతా వృథా అవుతుంది.

ఫాంట్ విషయానికి వస్తే, తూర్పు ఆసియా ఫాంట్లు పరిమాణంలో పెద్దవి. అడోబీ, గూగుల్ సంస్థలు 2014లో కలిసి విడుదల చేసిన ‘సోర్స్ హాన్ సాన్స్’ ఫాంట్‌లో 65,535 అక్షరరూపాలు ఉన్నాయి. ఓపెన్‌టైప్ ఫాంట్ ఒక్కటి ఇముడ్చుకోగల గరిష్ఠ సంఖ్య అదే. అయితే ఫాంట్ పెద్దదైనంత మాత్రాన ప్రతి మీటా నెమ్మదించదు. తెరిచేటప్పుడు మాత్రమే దాని భారం ఎక్కువ. నిజమైన ఖర్చు ‘ఏ అక్షరానికి ఏ ఫాంట్’ అనే నిర్ణయంలో ఉంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడే ఓపెన్ ఎక్స్‌ఎంఎల్ రూపం ఒకే పాఠ్యభాగానికి నాలుగు ఫాంట్ వర్గాలను, లిబ్రేఆఫీస్ వాడే ఓపెన్‌డాక్యుమెంట్ రూపం మూడు వర్గాలను గుర్తిస్తాయి. తూర్పు ఆసియా లిపులకు వీటిలో ప్రత్యేక స్థానం ఉంది. చైనీస్, ఇంగ్లీషు పదాలు కలగలిసిన వాక్యాన్ని ముక్కలుగా విడదీసి ప్రతి ముక్కకూ ఫాంట్‌ను నిర్ణయించాలి. వంపు కొటేషన్ గుర్తులకు యూనికోడ్‌లో రెండు సంప్రదాయాలకూ ఒకే సంకేతం ఉంది. అది చైనీస్ గుర్తో ఇంగ్లీషు గుర్తో పరిసరాలను చూసి తేల్చాలి. ఎంచుకున్న ఫాంట్‌లో కావలసిన అక్షరం లేకపోతే, వ్యవస్థలో ఉన్న ఇతర ఫాంట్లలో వెతకాలి. ఆ వెతుకులాట ఫలితాన్ని దాచుకోని పక్షంలో అదే పని మళ్లీ మళ్లీ జరుగుతుంది.

6. దోషస్థానాన్ని గుర్తించే పద్ధతి:

జాప్యం పైదశల్లో ఎక్కడైనా పుట్టవచ్చు కాబట్టి, ఒక్కసారి ఒక్క అంశాన్నే మార్చి చూడటం ఉత్తమం. పరిశీలన క్రమం ఈ విధంగా ఉండవచ్చు.

మొదటిది, అదే ఇన్‌పుట్ మెథడ్‌తో నోట్‌ప్యాడ్ వంటి సాదా ఎడిటర్‌లో టైపు చేయడం. అక్కడా జాప్యం ఉంటే దోషం ఇన్‌పుట్ మెథడ్‌లో ఉందని అనుమానించాలి. ఇంటర్నెట్ ద్వారా పదాలను సూచించే సదుపాయాన్ని ఆపడం, పేరుకుపోయిన సొంత పదకోశాన్ని తగ్గించడం అప్పుడు ఉపకరిస్తాయి. విండోస్‌లో 2020 నాటి మార్పుల తరువాత మైక్రోసాఫ్ట్ ఇన్‌పుట్ మెథడ్ పాత రూపానికి తిరిగి వెళ్లే వీలు కూడా కల్పించబడింది.

రెండవది, ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఖాళీ డాక్యుమెంట్ తెరిచి టైపు చేయడం. అక్కడ వేగం బాగుంటే సమస్య పాత డాక్యుమెంట్ నిర్మాణానిది. పొడవైన పేరాలను విభజించడం, పట్టికల లోపలి పాఠాన్ని తగ్గించడం, పరిష్కారమైన మార్పుల నమోదులను ఆమోదించి తొలగించడం ఇక్కడ చేయవలసిన పనులు.

మూడవది, టైపు చేయడానికి బదులు అదే పాఠాన్ని వేరేచోట నుంచి తెచ్చి అతికించడం. అతికించేటప్పుడు తాత్కాలిక పాఠం దశ ఉండదు. విన్యాసం ఒక్కసారే జరుగుతుంది. అతికించడం వేగంగా, టైపింగ్ నెమ్మదిగా ఉంటే, విన్యాసం మీటమీటకూ పునరావృతం కావడమే కారణమై ఉంటుంది. రెండూ నెమ్మదిగా ఉంటే ఫాంట్ ఎంపికను, పుట విన్యాసాన్ని శంకించాలి. పాఠంలోని అక్షరాలన్నీ ఉన్న ఒకే ఫాంట్‌ను నిర్దేశించి తేడాను గమనించాలి.

నాలుగవది, అక్షరదోషాల పరిశీలనను తాత్కాలికంగా ఆపి చూడటం, ముద్రణ రూపంలో కాక చిత్తుప్రతి రూపంలో పనిచేసి చూడటం. చిత్తుప్రతి రూపంలో పుటల విభజన తెరపై చూపవలసిన అవసరం ఉండదు కాబట్టి గణన తగ్గుతుంది.

వాడుకరి చేయగలిగినది ఇంతవరకే. మూల పరిష్కారం నిర్మాతల చేతిలో ఉంది. తాత్కాలిక పాఠాన్ని డాక్యుమెంట్‌లో సవరణగా నమోదు చేయకుండా దానిపై పరచిన పొరలా ఉంచడం, మారిన పంక్తులను మాత్రమే తిరిగి లెక్కించడం, ఖరారు అయ్యేవరకు దోషపరిశీలనను ఆపి ఉంచడం, వేగ పరీక్షలను ఇంగ్లీషుతో సరిపెట్టక ఇన్‌పుట్ మెథడ్ ద్వారా కూడా నిర్వహించడం ఆ పరిష్కారంలోని అంశాలు. వీటిలో ఏదీ లిపిని మార్చమని కోరేది కాదు.

7. తెలుగు పాఠంతో పోలిక:

తెలుగు పరిశోధకులు తమ సిద్ధాంత గ్రంథాలను ఇవే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లలో రాస్తున్నారు. అయితే భారం పడే చోటు వేరు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు 128 మాత్రమే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో ప్రతి మీటా ఒక సంకేతాన్ని నేరుగా చేరుస్తుంది. ఎంపిక పట్టీ అవసరం లేదు. పదాల మధ్య ఖాళీలు ఉన్నాయి. కాని సంకేతాలను అక్షరరూపాలుగా మలచడంలో శ్రమ ఉంది. ‘ష్ట్ర’ అనే ఒక్క సంయుక్తాక్షరం వెనుక ఐదు సంకేతాలుంటాయి. ముందుగా ‘ష్’ అని పొల్లుతో కనిపించినది తరువాతి మీటతో ‘ష్ట’గా రూపం మార్చుకుంటుంది. హాన్ అక్షరంలో దీనికి విరుద్ధం: అక్షరాన్ని చేర్చడం శ్రమ, చేరిన తరువాత దాన్ని చిత్రించడం తేలిక. అందువల్లనే ఈ సాఫ్ట్‌వేర్‌లు తెలుగును ఆసియా లిపుల వర్గంలో కాక సంక్లిష్ట లిపుల వర్గంలో చేర్చాయి. ఒక వర్గానికి చెప్పిన చిట్కా మరో వర్గానికి పనిచేయకపోవడానికి ఇదే కారణం.

రోమన్ మీటలతో ఉచ్చారణను టైపు చేసి, సూచనల పట్టీలోంచి తెలుగు పదాన్ని ఎంచుకునేవారి విషయం వేరు. వారు తెలియకుండానే తూర్పు ఆసియా టైపింగ్ మార్గంలో ప్రవేశిస్తున్నారు. తాత్కాలిక పాఠం, ఎంపిక పట్టీ, స్థాన నివేదన అన్నీ అక్కడ ఉన్నాయి. తెలుగు అక్షరాలను మలిచే శ్రమ అదనం. వందల పుటల సిద్ధాంత గ్రంథంలో టైపింగ్ మందగించినప్పుడు ఇన్‌స్క్రిప్ట్‌తో ఒక పేరా టైపు చేసి పోల్చుకుంటే, జాప్యం పుట్టినది ఇన్‌పుట్ మార్గంలోనా, విన్యాసంలోనా అన్నది తేలుతుంది.

8. ముగింపు:

1. తూర్పు ఆసియా పాఠం టైపింగ్‌లో ఏర్పడే జాప్యం అక్షరాల సంఖ్య వల్ల కలిగేది కాదు. ఖరారు కాని పాఠాన్ని ఖరారైన పాఠంగా పరిగణించి, ప్రతి మీటకూ మొత్తం పనిని పునరావృతం చేయడం వల్ల కలిగేది.

2. ఎంపిక పట్టీ కోసం జరిగే స్థాన నివేదన, ఖాళీలు లేని పాఠంలో పంక్తి విభజన, పదవిభాగం, ఫాంట్ నిర్ణయం అనేవి ఈ జాప్యాన్ని పెంచే ప్రధానాంశాలు.

3. సాదా ఎడిటర్, ఖాళీ డాక్యుమెంట్, అతికించడం, అనుబంధ సేవల నిలుపుదల అనే నాలుగు పరీక్షలతో దోషస్థానాన్ని గుర్తించడం సాధ్యం.

4. తెలుగుకు ఇన్‌పుట్ తేలిక, అక్షరరూప కల్పన భారం. హాన్ లిపికి ఇన్‌పుట్ భారం, రూపకల్పన తేలిక. ఉచ్చారణానుసారి తెలుగు టైపింగ్‌లో ఈ రెండు భారాలూ కలుస్తాయి.

టైపు యంత్రానికి ఒదగదని ఒకనాడు అభియోగానికి గురైన లిపిలో నేడు కోట్లమంది నిత్యం టైపు చేస్తున్నారు. ఈ కాలంలో లిపి నియమం మారలేదు. యంత్రమే దానికి అనుగుణంగా మారింది. ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన జాప్యం ఆ మార్పు ఇంకా పూర్తికాలేదని తెలియజేస్తున్నది. సాఫ్ట్‌వేర్ పరిమితిని లిపి లోపంగా భావించకుండా ఉండటం, తమ భాషలో సాంకేతిక రచన చేయదలచిన తెలుగువారికి కూడా అంతే అవసరం.